నూటికి రెండంటే ఎంత?

(రేడియో మహిళల కార్యక్రమం - ప్రసంగ పాఠం)



ఈవేళ మనం వడ్డీ లెక్కల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. లెక్కలనగానే "అమ్మో, అవన్నీ మావారు చూసుకుంటారు" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోకండి. పాల ఖాతా, పనిమనిషి నాగాలు, గ్యాసు బండ ఎన్నాళ్ళొచ్చిందీ, ఇవన్నీ వేళ్ళమీద లెక్కకట్టే మనకు వడ్డీ లెక్క కొరకరాని కొయ్యేమీ కాదు. పైగా అప్పు కాగితం మీద రెండో సంతకం చాలా ఇళ్ళలో మనదే. కుదువ పెట్టే నగ మనదే. నెలనెలా చిట్టీ కట్టేదీ మనమే. సంతకమూ, నగా మనవైనప్పుడు లెక్క మాత్రం మనది కాకపోవడమేమిటి? ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. కూడికలు, తీసివేతలు, కాస్త హెచ్చవేత వస్తే చాలు.

సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతాన్నే తీసుకుందాం. నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం వైపు నుంచి వచ్చినవారూ, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవారూ కలిసి మెలిసి ఉంటున్న కాలనీలు. ఒకే వీధిలో ఒకరు 'మిత్తి' అంటారు, ఇంకొకరు 'వడ్డీ' అంటారు. పేరు మారితే చిక్కేమీ లేదు. చెప్పే తీరు మారితేనే చిక్కంతా. పక్కింటి వదినగారు "నూటికి రెండు" అంటుంది. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో దుకాణం వాడు "జీరో వడ్డీ అమ్మా, వాయిదాల్లో కట్టుకోండి" అంటాడు. ఫైనాన్సు కంపెనీ మనిషి "ఏడాదికి పన్నెండు శాతమే" అంటాడు. రైతుబజారు దగ్గర తోపుడుబండి పెట్టుకున్న ఆమెకు "రోజుకు వంద, వంద రోజులు" అని చెబుతారు. చిట్టీలో అయితే వడ్డీ అన్న మాటే వినిపించదు, 'పాట' అంటారు. ఒకరు మూరల్లో, ఒకరు గజాల్లో, ఒకరు జానల్లో కొలిచి చెబితే ఏ గుడ్డ చవకో ఎలా తెలుస్తుంది? అన్నిటినీ ఒకే కొలతలోకి తెచ్చుకోవాలి.

ఆ కొలతకు కావలసినవి మూడే ప్రశ్నలు. నా చేతికి నిజంగా ఎంత వచ్చింది? నేను ఎంతెంత తిరిగి ఇస్తున్నాను? ఏయే తేదీల్లో ఇస్తున్నాను? ఈ మూడూ తెలిస్తే ఎదుటివాడు వడ్డీ ఎంతని చెప్పినా, అసలు వడ్డీయే లేదని చెప్పినా, నిజమైన రేటును మనమే బయటికి లాగవచ్చు. గణిత పండితులు పెద్ద పెద్ద సమీకరణాలతో చేసేదీ చివరికి ఇదే.

నెల వడ్డీ, ఏడాది వడ్డీ

మొదట వదినగారి మాట చూద్దాం. నూటికి రెండంటే నెలకు రెండు రూపాయలు. బ్యాంకువారు చెప్పేది ఏడాది లెక్క. కాబట్టి పన్నెండుతో హెచ్చవేయాలి. నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం, నూటికి మూడంటే 36 శాతం. బ్యాంకులో పన్నెండు శాతం అనగానే "అంతా!" అని గుండెలు బాదుకునే మనమే, బయట నూటికి రెండంటే "రెండే కదా" అనేస్తాం. అంకె చిన్నది కావడం వల్ల వచ్చే భ్రమ ఇది.

ఆ రెండు రూపాయలు కూడా నెలనెలా ఇవ్వకుండా ఉండిపోతే అది అసలులో కలుస్తుంది, దానికీ వడ్డీ నడుస్తుంది. దాన్నే చక్రవడ్డీ అంటాం. అలా నెలనెలా కలుపుతూ పోతే ఏడాది తిరిగేసరికి నూరు రూపాయలు 126 రూపాయల 82 పైసలవుతాయి. 24 కాదు, దాదాపు 27 శాతం పడిందన్నమాట.

వడ్డీ మీద వడ్డీ మనకేమీ కొత్త కాదు. క్రీ.శ. 499లో ఆర్యభటుడు తన గ్రంథంలో దీనికి సూత్రం చెప్పాడు. ఆ సూత్రానికి 629లో మొదటి భాస్కరుడు రాసిన వ్యాఖ్యలో ఒక చక్కని లెక్క ఉంది. నూరు నాణేలు అప్పిచ్చారు, నెల వడ్డీ ఎంతో తెలియదు. వచ్చిన ఆ నెల వడ్డీని మళ్ళీ అదే రేటుకు నాలుగు నెలలు అప్పిచ్చారు. వడ్డీ, దాని మీద వడ్డీ కలిసి ఆరు అయింది. నెల వడ్డీ ఎంత? జవాబు అయిదు. సరిచూడండి: నూటికి అయిదు చొప్పున అయిదు నాణేలకు నెలకు పావు, నాలుగు నెలలకు ఒకటి. అయిదూ ఒకటీ ఆరు. అంటే పైకి చెప్పని రేటును, ఇచ్చిన సొమ్మూ గడిచిన నెలలూ చూసి కనిపెట్టడం పదునాలుగు వందల ఏళ్ళనాటి విద్యే. తరువాత మహావీరాచార్యుని గణితసారసంగ్రహంలోనూ వడ్డీ లెక్కలకు పెద్ద పీట వేశారు. ఆ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చిన పావులూరి మల్లన పేరు మీలో చాలామంది వినే ఉంటారు.

ఇప్పుడు ఇంట్లో పనికొచ్చే చిట్కా ఒకటి. డబ్బు ఎన్నాళ్ళకు రెట్టింపవుతుందో తెలియాలంటే 72ను వడ్డీ రేటుతో భాగించండి. ఏడాదికి 6 శాతమైతే పన్నెండేళ్ళు. 8 శాతమైతే తొమ్మిదేళ్ళు. నెల వడ్డీ అయితే జవాబు నెలల్లో వస్తుంది. నూటికి రెండయితే 72ను రెండుతో భాగిస్తే 36 నెలలు. నిజంగా లెక్కవేస్తే ఇంకో నెల ముందే, 35 నెలలకే రెట్టింపవుతుంది. అమ్మాయి ఇంటర్మీడియట్‌లో చేరినప్పుడు తెచ్చి, కట్టకుండా వదిలేసిన లక్ష రూపాయల చేబదులు, ఆమె డిగ్రీ రెండో ఏడాది ముగిసేలోపునే రెండు లక్షలై కూర్చుంటుందన్నమాట.

వాయిదాల్లో దాగిన వడ్డీ

ఇక పన్నెండు శాతం కంపెనీ మనిషి దగ్గరికి వద్దాం. 60,000 రూపాయల సామాను కొన్నాం. "ఏడాదికి 12 శాతం వడ్డీ, అంటే 7,200. మొత్తం 67,200. పన్నెండు వాయిదాలు, నెలకు 5,600" అని చకచకా రాసి ఇస్తాడు. హెచ్చవేత సరిగ్గానే ఉంది. మరి మోసమెక్కడ?

తేదీల్లో ఉంది. ఏడాది పొడుగునా 60,000 మన దగ్గర ఉంటే 7,200 వడ్డీ న్యాయమే. కానీ మొదటి నెల నుంచే కొంత తిరిగి కట్టేస్తున్నాం. ఆరు నెలలు గడిచేసరికి సగం కట్టేశాం. చివరి నెలలో మన దగ్గర మిగిలే బాకీ అయిదు వేల చిల్లరే. అయినా వడ్డీ మాత్రం 60,000కే వేస్తున్నాడు. దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు. ఏడాది మొత్తం మీద సగటున మన చేతిలో ఉన్న బాకీ 32,500 దరిదాపులు. దాని మీద 7,200 అంటే 22 శాతం.

ఇంకా కచ్చితంగా కావాలా? అయితే పెన్సిలు తీయండి. నెలకు 1.8 శాతం అని ఊహించుకుందాం. 60,000 మీద మొదటి నెల వడ్డీ 1,080. కట్టే 5,600లో అది పోగా 4,520 అసలుకు జమ. మిగిలింది 55,480. రెండో నెల వడ్డీ ఈ 55,480 మీదే. ఇలా పన్నెండు వరుసలు రాయండి. చివరికి బాకీ సున్నా అయితే మన ఊహ సరైనది. 1.8కి సుమారు 55 రూపాయలు మిగిలిపోతుంది, అంటే ఊహ ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ. 1.79కి దాదాపు సరిపోతుంది. పన్నెండుతో హెచ్చవేస్తే ఇరవై ఒకటిన్నర శాతం. ఊహించడం, సరిచూడటం, సరిదిద్దుకోవడం, ఇదే పద్ధతి. చారులో ఉప్పు చూసి సర్దుకోవడం లాంటిదే.

నిజంగానే తగ్గే బాకీ మీద 12 శాతమైతే నెల వాయిదా 5,331 రూపాయలు చాలు. నెలకు 269 రూపాయలు ఎక్కువ కడుతున్నాం. పైగా 'ప్రాసెసింగ్ ఫీజు' అని మొదటే 1,500 కోసుకున్నాడనుకోండి. మన చేతికి వచ్చింది 58,500 మాత్రమే, కట్టేది అదే 5,600. అప్పుడు రేటు నెలకు 2.2 శాతం, ఏడాదికి 26 శాతం పైన. మూడు ప్రశ్నల్లో మొదటిది, "నా చేతికి నిజంగా ఎంత వచ్చింది" అన్నది ఎందుకు అడగాలో చూశారా? పన్నెండని చెప్పి ఇరవై ఆరు పుచ్చుకున్నాడు, కాగితం మీద ఒక్క అబద్ధమూ రాయలేదు.

జీరో వడ్డీ సంగతీ ఇంతే. 30,000 ఖరీదున్న ఫ్రిజ్జు. పది నెలలు, నెలకు 3,000, వడ్డీ సున్నా. బాగానే ఉంది. అదే ఫ్రిజ్జును రొక్కమిచ్చి కొంటే ఎంతకిస్తావని అడిగి చూడండి. 28,000కు ఇస్తానన్నాడనుకుందాం. అప్పుడు మనకు అందిన సరుకు విలువ 28,000, కట్టేది 30,000. లెక్కవేస్తే ఏడాదికి 15 శాతం పైగా తేలుతుంది. రొక్కానికీ, వాయిదాకూ నిజంగా ఒకటే ధర అయితే తప్పకుండా తీసుకోండి. రొక్కం ధర అడగకుండా మాత్రం తీసుకోకండి.

రోజు వసూలు

ఎక్కువ నలిగిపోయేది చిన్న వ్యాపారం చేసుకునే ఆడవాళ్ళు. తెలంగాణలో 'గిరిగిరి' అని పిలిచే రోజువారీ ఫైనాన్సు మీరెరిగిందే. 10,000 అప్పు అంటారు, ముందే 1,000 పట్టుకుని 9,000 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. "నూటికి పదే కదా" అని ఆమె అనుకుంటుంది. కానీ ఆ పది ఏడాదికి కాదు, వంద రోజులకు. అదీ రోజురోజుకూ కరిగిపోతున్న బాకీ మీద. నిజమైన రేటు ఏడాదికి 77 శాతం దాటుతుంది. వంద రోజులకాగానే మళ్ళీ తీసుకుంటుంది, మళ్ళీ వెయ్యి కోత. అలా ఏడాదికి మూడున్నర సార్లు తిరిగితే ఆమె కష్టం మూడున్నర వేలు అటే పోతుంది. మీ ఇంటికి కూరగాయలు తెచ్చే ఆమెకు ఈ లెక్క ఒకసారి విప్పి చెప్పండి. రోజుకు వంద కట్టగలిగిన మనిషి, ఎలాగో ఓ మూడు నెలలు ఓర్చుకుని ఆ వందనే తన పేర దాచుకుంటే 9,000 ఆమె సొంత పెట్టుబడి అవుతుంది.

చిట్టీలో ఇరవై వడ్డీలు

ఇక మన చిట్టీ. ఇరవై మంది, ఇరవై నెలలు, తలా 5,000, లక్ష రూపాయల చిట్టీ అనుకుందాం. చిట్టీ నడిపేవారి కమీషను నెలకు 5,000. మొదటి నెల డబ్బు బాగా అవసరమున్న ఒక అక్కయ్య 30,000 తగ్గించుకుని పాడింది. ఆమె చేతికి 70,000. తగ్గించిన దానిలో కమీషను పోగా మిగిలిన 25,000 అందరికీ పంచితే తలా 1,250. కాబట్టి ఆ నెల ఒక్కొక్కరూ కట్టేది 3,750. పాట నెలనెలా సమానంగా తగ్గుతూ వచ్చి, చివరి నెల పాటే లేకుండా కమీషను మాత్రమే మిగిలిందనుకుందాం. అప్పుడు ఒక్కొక్కరూ మొత్తం కట్టేది 87,500.

చివరి నెల ఎత్తుకున్న చెల్లెలికి 95,000 వస్తుంది. 7,500 లాభం. ఆమె కట్టిన ప్రతి వాయిదా ఎన్ని నెలలు ఆగిందో చూసి లెక్కవేస్తే ఏడాదికి సుమారు 10.8 శాతం వడ్డీ దక్కినట్టు. మరి మొదట పాడిన అక్కయ్య సంగతి? 70,000 తీసుకుని, అదే రోజు 3,750 కట్టింది కాబట్టి నికరంగా చేతికొచ్చింది 66,250. తరువాత పందొమ్మిది నెలల్లో కట్టేది 83,750. రేటు ఏడాదికి 28 శాతం!

ఒకే చిట్టీ, ఒకే గదిలో కూర్చున్న ఇరవై మంది. ఒకరు 28 శాతానికి అప్పు చేసినవారు, ఒకరు 11 శాతానికి దాచుకున్నవారు. మధ్యవారిలో ఒక్కొక్కరిదీ ఒక్కో రేటు. ఇది తప్పని నేను అనడం లేదు. ఆసుపత్రి ఖర్చు వచ్చిపడినప్పుడు ఏ కాగితాలూ అడగకుండా ఆదుకునేది చిట్టీయే కావచ్చు. కానీ పాటకు కూర్చునే ముందు ఈ రేటు తెలిసి కూర్చోవాలి. బ్యాంకులో నగ పెడితే అంతకన్నా తక్కువకు దొరుకుతుందా? దొరికితే ఈ నెల పాట మానుకోవచ్చు. "అందరూ పాడుతున్నారు, నేనూ ఇంకో వెయ్యి తగ్గిస్తా" అని పంతానికి పోతే ఆ వెయ్యి మన పిల్లల నోటి దగ్గరిదే.

చివరి దాకా ఆగేవారికి ఇంకో ప్రశ్న ఉంది. ఆ 10.8 శాతం అందుతుందన్న భరోసా ఏమిటి? ఇరవై నెలలూ అందరూ సరిగా కట్టి, నడిపే మనిషి నిలబడితేనే కదా! చిట్టీలకు ఆంధ్రప్రదేశ్‌లో 1971లో రాష్ట్ర చట్టం వచ్చింది, 1982లో కేంద్ర చట్టం వచ్చింది. ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్, నడిపేవారు కట్టే ధరావతు, ఎత్తుకున్నవారిచ్చే జామీను, ఇవన్నీ మన రక్షణకే. 1982 చట్టంలో నూటికి 5గా ఉన్న కమీషను పరిమితిని 2019 సవరణ 7కు పెంచింది. ఆ రెండు రూపాయల తేడా ఎత్తుకునేవారి జేబులోంచి పోయేదే. రిజిస్టరు కాని చిట్టీలో కమీషను తక్కువే ఉండవచ్చు, కానీ రేపు నడిపే మనిషి తాళం వేసుకుని వెళ్ళిపోతే ఎవరిని అడుగుతాం? ఎక్కువ వడ్డీ అంటే ఎక్కువ గండం కూడా. ఆ గండం ధరే వడ్డీలో కలిసి ఉంటుంది.

ఇదే తేదీల లెక్క తెలియక పొదుపును తక్కువ చేసి చూసేవారూ ఉన్నారు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో నెలకు 1,000 చొప్పున అయిదేళ్ళు 6.7 శాతానికి కడితే, కట్టిన 60,000కు 71,366 వస్తుంది. "అయిదేళ్ళకు పదకొండు వేలా? ఏడాదికి నాలుగు శాతం కూడా లేదే" అంటారు. మొదటి వెయ్యి అయిదేళ్ళు ఉంది, చివరి వెయ్యి ఒక్క నెలే ఉంది. సగటున సగం సొమ్మే అక్కడ ఉన్నది. ఫ్లాట్ లెక్క అప్పును చవకగా చూపిస్తుంది, పొదుపును చులకనగా చూపిస్తుంది. రెండు వైపులా నష్టపోయేది మనమే.

ఉయ్యాల లాంటి రేటు

ఇంతవరకూ చెప్పుకున్నవి మారని రేట్లు. ఇంటి అప్పు తీసుకున్నవారికి రేటే మారుతూ ఉంటుంది. రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు 2020 మే నెలలో 4 శాతానికి దిగింది, 2022 మే నుంచి ఎక్కడం మొదలుపెట్టి 2023 ఫిబ్రవరికి ఆరున్నర అయింది. 2025 జూన్‌లో మళ్ళీ అయిదున్నరకు దిగింది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకుల కొత్త ఇంటి అప్పుల్లో మారే రేట్లను ఇలాంటి బయటి రేటుకే ముడిపెట్టారు కాబట్టి, అక్కడ ఊగితే మన ఇంట్లోనూ ఊగుతుంది.

ఈ ఊగులాటను గణితంలో పట్టడానికి ప్రయత్నించినవారిలో పేరు పొందినవాడు ఓల్డ్‌రిచ్ వాసిచెక్. చెక్ దేశంలోని ప్రాగ్ నగరంలో పుట్టి, అమెరికాకు వెళ్ళి, 1977లో ఒక నమూనాను ప్రచురించాడు. దాని సారాంశం అట్లతద్ది ఉయ్యాల ఎక్కిన మనకు సులువుగా తెలుస్తుంది. ఉయ్యాలకు మధ్య ఒక చోటు ఉంది. గాలి ఎటు వీస్తుందో తెలియదు, ఇటూ అటూ తోస్తూనే ఉంటుంది. కానీ ఎంత దూరం పోతే అంత బలంగా మధ్యకు లాగుతుంది. వడ్డీ రేటుకూ అలాగే మూడు సంగతులు: మధ్య చోటు ఎక్కడ, లాగే బలమెంత, గాలి ఎంత. రేపు రేటు ఎంతని ఈ నమూనా జోస్యం చెప్పదు. ఎంత మేర ఊగవచ్చో అంచనా చెబుతుంది. ఆ నమూనాలో రేటు సున్నా కంటే కిందికి పోవచ్చు. అది లోపమని చాలాకాలం అనుకున్నారు. 2014లో యూరప్‌లో, 2016లో జపాన్‌లో కేంద్ర బ్యాంకులు నిజంగానే సున్నా కిందికి దించి చూపించాయి!

మనకు దీంతో పనేమిటంటారా? ఒక లెక్క చెబుతాను. 30 లక్షల ఇంటి అప్పు, ఇరవై ఏళ్ళు, 7 శాతం. నెల వాయిదా 23,259. మొదట్లోనే రేటు 9 శాతానికి పెరిగిందనుకోండి. వాయిదా పెంచితే 26,992 అవుతుంది. "వాయిదా పెంచొద్దు, అలాగే కడతాం" అంటే అప్పు తీరడానికి ఇరవై ఏళ్ళు కాదు, 38 ఏళ్ళు పడుతుంది. తొమ్మిదిన్నర అయితే? 30 లక్షల మీద నెల వడ్డీయే 23,750. మనం కట్టేది వడ్డీకి కూడా చాలదు. కడుతూనే ఉంటాం, అప్పు పెరుగుతూనే ఉంటుంది. 2022, 23 సంవత్సరాల్లో ఎంతో మందికి, వాయిదా మారలేదు కదా అని నిశ్చింతగా ఉండగానే, గడువు ఏళ్ళకేళ్ళు సాగిపోయింది. అందుకే 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, రేటు మారినప్పుడు వాయిదా పెంచాలో, గడువు పెంచాలో ఎంచుకునే వీలు అప్పుదారుకు ఇవ్వాలని బ్యాంకులను ఆదేశించింది.

ఉయ్యాల ఇటు బాగా దిగి ఉన్నప్పుడు ఇల్లు కొంటే, అది అక్కడే ఆగుతుందని అనుకోకండి. రెండు రెండున్నర శాతం పెరిగినా కట్టగలమా అని ముందే చూసుకోండి. ఉయ్యాల అటు పైకెక్కి ఉన్నప్పుడు పొదుపు సొమ్మును కాస్త పొడుగాటి గడువుకు కట్టేస్తే ఆ రేటు మనకు నిలుస్తుంది. ఇంతకు మించి జోస్యాలు చెప్పేవారిని నమ్మనక్కరలేదు.

సంతకానికి ముందు

ఈ లెక్క తెలియకపోతే ఏమవుతుందో మన రాష్ట్రమే చూసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్సు సంస్థలు వారంవారం వాయిదాలతో ఆడవాళ్ళకు అప్పులిచ్చాయి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2011లో రిజర్వు బ్యాంకు ఆ అప్పుల వడ్డీ 26 శాతం దాటకూడదనీ, తగ్గే బాకీ మీదే వేయాలనీ కట్టడి చేసింది. ఆ 26 పరిమితి ఇప్పుడు లేదు. కాబట్టి మన లెక్కే మనకు రక్ష. 2020 డిసెంబరులో ఫోను అప్పుల యాప్‌ల మీద హైదరాబాదులో కేసులు, అరెస్టులు జరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి అప్పు ఒకటి ఊహించండి. 5,000 అని చెప్పి 3,500 చేతికిచ్చి, వారానికి 5,000 కట్టమంటే, వారం రోజులకు నూటికి 43. ఏడాదికి రెండు వేల రెండు వందల శాతం దాటుతుంది. చేతికొచ్చినదీ, ఇచ్చేదీ, తేదీలూ చూసుకుని ఉంటే ఆ మొదటి రోజే ఫోను పక్కన పెట్టేసేవాళ్ళం.

ఇప్పుడు మనకు ఒక మంచి సాధనం ఉంది. 2024 అక్టోబరు నుంచి బ్యాంకులూ, ఫైనాన్సు కంపెనీలూ ఇళ్ళకు, సొంత అవసరాలకు కొత్తగా ఇచ్చే అప్పులకు 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. ఫీజులు, కోతలు అన్నీ కలిపిన ఏడాది రేటు దానిలో ఉండాలి. మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. కాబట్టి తెలుగులో ఇమ్మని అడగడానికి మొహమాటపడకండి. వదినగారి చేబదులుకూ, కాలనీ చిట్టీకీ అలాంటి కాగితం రాదు. అక్కడ మన పెన్సిలే దిక్కు.

ఎవరైనా మిమ్మల్ని జామీను సంతకం అడిగినా, నగ అడిగినా, "ఒక్క పూట ఆగండి, లెక్క వేసుకుని చెబుతాను" అనండి. మావారు ఏమనుకుంటారో, తోడికోడలు ఏమనుకుంటుందో అని తటపటాయించకండి. లెక్క అడగడం అనుమానించడం కాదు. కూరగాయల దగ్గర అర్ధ రూపాయికి బేరమాడే మనం, వేలకు వేలు ముడిపడిన కాగితం మీద నోరెత్తకపోతే ఎలా? ఇంట్లో పదో తరగతి చదివే అబ్బాయినో, అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని ఆ పన్నెండు వరుసలూ రాయించండి. వాళ్ళకు లెక్కలు వస్తాయి, మీకు నిజం తెలుస్తుంది.

ఇవాళ రాత్రి పని ముగిశాక, మీ ఇంట్లో నడుస్తున్న ఒక్క అప్పునో, ఒక్క చిట్టీనో తీసుకోండి. చేతికి ఎంత వచ్చింది, ఎంతెంత ఇస్తున్నాం, ఏయే తేదీల్లో, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి చూడండి.